దుప్పటికి రెండో కొసన

ఆ లాండ్రీలో ఆమెను అందరూ మెరుపు అనే పిలిచేవారు. చూడ్డానికి మెరుపుతీగలా ఉంటుందని కాదు లెండి. మనిషి కాస్త బొద్దు, జుట్టు ఎప్పుడూ చెమటకు నుదుటికి అంటుకుని ఉంటుంది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పేరు ఆమె చేతులకు వచ్చింది. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, వేడి రోలరు కింద నుంచి బయటికి తీశాక వాటిని మడతపెట్టడం ఆ హాల్లో ఆడవాళ్ల పని. అంత పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు నిలబడి, గట్టిగా ఒక్కసారి విదిలించి, నిలువునా మడతలు వేసి, ఎదురెదురుగా నడిచి మధ్యలో కలవాలి. ఒకరి చేతిలోని కొసలు ఇంకొకరికి అందించి, కిందికి వేలాడే మడతను వంగి అందుకోవాలి. మెరుపు మడిస్తే అంచుకు అంచు అతికించినట్టు ఉండేది. చూస్తున్నవాళ్లు కన్నార్పేలోగా దొంతరలోకి చేరిపోయేది.

కూలీ దుప్పటికి ఇంత అని. వచ్చింది జోడీలో ఇద్దరూ చెరిసగం పంచుకోవాలి. అందుకని ఆ హాల్లో జోడీ కుదరడమంటే పెళ్లి సంబంధం కుదిరినంత తతంగం. వడిగలవాళ్లు వడిగలవాళ్లనే వెతుక్కుంటారు. కాస్త నిదానం మనిషి జోడీ అయితే, ఆ రోజు మొహం గంటు పెట్టుకునే పని చేస్తారు.

అసలు మెరుపును ఆ లాండ్రీలో చేర్చింది ఆమె వదిన, అంటే మొగుడి అక్క. పెళ్లయిన కొత్తలో తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టి, "చేతుల వంక చూడకు, నా మొహం చూడు. చేతులు వాటంతట అవే వస్తాయి" అని నేర్పింది. చాలా ఏళ్లు వాళ్లిద్దరే జోడీ. తర్వాత వదిన వేళ్లు కీళ్ల దగ్గర వాచి, గుప్పిట ముడుచుకోవడం మానేశాయి. కొసలు జారిపోయేవి. నేల మీద పడ్డ దుప్పటి మళ్లీ ఉతుక్కి వెళ్లాలి, దానికి కూలీ లేదు. మెరుపు కొన్నాళ్లు ఓర్చుకుంది, కొన్నాళ్లు సణిగింది. చివరికి ఒకరోజు ఓనరు బావమరిది దగ్గరికి వెళ్లి, "నాకు వేరే జోడీ వెయ్యండి" అంది. ఆ హాలు పెత్తనమంతా ఆయనదే. తప్పు చేసిందా అంటే ఏం చెబుతాం? ఇద్దరు పిల్లల చదువు, మొగుడికి సైకిళ్ల రిపేరు షాపులో వచ్చేది అంతంత మాత్రం. వదినను దిండు గలీబుల బల్లకు మార్చారు. అక్కడ ఎవరికి వారే మడుచుకోవచ్చు, కూలీ మాత్రం సగానికి సగం పడిపోతుంది.

వదిన నోట్లో నాలుక లేని మనిషి, తన సంచి తీసుకుని ఆ బల్లకు మారిపోయింది. భర్త పోయాక తమ్ముడి పక్క వాటాలోనే ఉంటోంది. అప్పట్నుంచి వదినా మరదళ్ల మధ్య మాటలు "నీళ్లొచ్చాయా?", "గ్యాస్ బండి వచ్చి వెళ్లిందా?" దగ్గర ఆగిపోయాయి. పొడుగు అని పిలిచే చురుకైన మనిషి మెరుపుకు కొత్త జోడీ అయింది. ఇద్దరూ కలిసి దుప్పట్లను ఉతికి ఆరేశారంటే నమ్మండి.

అలా ఉండగా చట్టం వచ్చింది. దేశం మొత్తం మీద, ఏ పని చేసేవాళ్లకైనా సరే, గంటకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాల్సిందేనన్నారు. హాల్లో కొందరు నమ్మలేదు. మొదటి జీతం చేతికి వచ్చాక నమ్మారు. గలీబుల బల్ల దగ్గరివాళ్లకు రాబడి ఇంచుమించు రెట్టింపయింది. మెరుపుకు మాత్రం పాత లెక్కలో ఎంత వచ్చేదో ఇంచుమించు అంతే వచ్చింది. పని జోరుగా ఉండే నెలలతో పోలిస్తే కాస్త తగ్గింది కూడా. దుప్పటికి ఇంత అనే లెక్కనే ఓనరు ఎత్తేశాడు మరి.

"ఆవిడకీ నాకూ ఒకటే జీతమా?" అని ఆ సాయంత్రం ఇంట్లో కస్సుమంది. "ఇంకెందుకయ్యా ఈ చేతులు? కోసి గలీబులో కుట్టేసుకోనా?"

"కుట్టేసుకో. కాకపోతే రేపట్నుంచి అన్నం ఎవరు వండుతారో చెప్పి కుట్టుకో" అన్నాడు మొగుడు, గొలుసు నూనె అంటిన గోళ్లు తోముకుంటూ. తర్వాత కాస్త ఆగి, "అక్క కళ్లజోడు కొనుక్కుంది, చూశావా?" అన్నాడు.

చూసింది. వదిన గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది, కొత్త కళ్లజోడుతో. ఇన్నాళ్లూ కళ్లు చికిలించుకుని ఏరేదని మెరుపుకు తెలియక కాదు. సంతోషించాల్సిన విషయమే, కానీ ఓర్వలేకపోయింది. ఆ ఓర్వలేనితనం తనకే నచ్చక ఆ పూట గిన్నెలన్నీ గట్టిగా మోగించింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చట్టంలో మెరుపుకు నచ్చింది కూడా ఒకటుంది. ఒకరోజు బాయిలరు చెడిపోయింది. పాత రోజుల్లో అయితే ఆ రోజు పస్తే. ఇప్పుడు అందరూ బల్లల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నా గంటల లెక్క నడుస్తూనే ఉంది. మెరుపుకు కూర్చోవడం చేతకాలేదు. లేచి మడిచిన దొంతరలే మళ్లీ సర్దింది, కిటికీలు తుడిచింది. "కూర్చోవే తల్లీ, కూర్చున్నా ఇస్తారు" అని అందరూ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ రాత్రి చాలా కాలం తర్వాత ఒళ్లు నొప్పులు లేకుండా నిద్రపోయింది.

అయితే మంచి కబురు ఒక్కటే ఎప్పుడొచ్చింది? ఇంటి ఓనరు అద్దె పెంచాడు, చట్టం సంగతి ఆయన చెవినా పడింది కాబోలు. లాండ్రీ రేట్లు పెరగడంతో రెండు చిన్న హోటళ్లు సొంతంగా ఉతుక్కోవడం మొదలుపెట్టాయి. లాండ్రీ ఓనరు చెడ్డవాడేమీ కాదు, అలాగని దేవుడూ కాదు. కొన్నాళ్లు తలపట్టుకుని, చివరికి అందరినీ హాల్లో నిలబెట్టి చెప్పాడు. ఇకనుంచి గలీబులు మడత లేకుండానే పంపుతారు. అందరూ దుప్పట్ల మీదికే రావాలి. జోడీకి గంటకు ఇన్ని అని లెక్క పెడతారు. అందుకోలేని జోడీని తీసేస్తారు.

"ఆ లెక్క ఎవరు తేలుస్తారు?" అని ఎవరో అడిగారు.

"మన మెరుపే. సోమవారం తను ఎన్ని మడిస్తే, అందరికీ అంతే" అన్నాడు ఓనరు. తర్వాత మెరుపును పక్కకు పిలిచి, "మంచి లెక్క చూపించమ్మా, నిన్ను హాలుకి మేస్త్రీని చేస్తా. ఇక మడిచే పనే ఉండదు" అన్నాడు.

మెరుపుకు అప్పుడు అర్థమైంది. తన చేతులు ఎంత వడిగా కదిలితే వదిన ఉద్యోగం అంత త్వరగా ఊడుతుంది. ఒక్క వదినా? గలీబుల బల్ల మొత్తం. వదిన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

ఆ ఆదివారం మెరుపు ఇంట్లో దుప్పటి తీసి మొగుణ్ని రెండో కొసన నిలబెట్టింది. "మెల్లగా మడవడం నేర్చుకోవాలి" అంది.

"అందులో నేను పండితుణ్ని" అన్నాడు మొగుడు. నిజమే, ఆయన మడత పెట్టిన దుప్పటి ఏనుగు తొక్కినట్టు వచ్చింది. కానీ మెరుపు చేతులే మాట వినడం లేదు. ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే చాలు, తుర్రుమంటున్నాయి. ఆవులించింది, ఒకటీ రెండూ అని మనసులో లెక్కపెట్టుకుంది, మధ్యలో ఆగి ముక్కు గోక్కుంది. మధ్యాహ్నానికి ఎలాగో కాస్త నిదానం వంటబట్టింది.

సోమవారం ఓనరు బావమరిది ఫోన్లో గడియారం పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. హాలంతా చుట్టూ మూగింది. మెరుపు నింపాదిగా మొదలుపెట్టింది. పొడుగుకు ముందే కళ్లతో సైగ చేసి పెట్టింది కాబట్టి ఆమె కూడా పెళ్లినడక నడుస్తోంది. అంతా బాగానే సాగుతోంది. అప్పుడు ఆయన గారు నవ్వాడు.

"ఇదేనా మెరుపంటే? మా అమ్మమ్మ నయం. పాపం, వయసైపోయినట్టుంది. ఇన్నేళ్లూ ఊరికే పేరు మోసింది!"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. మెరుపుకు ఒళ్లు మండిపోయింది. ఏం చేస్తోందో తెలిసేలోగానే దుప్పట్లు గాల్లోకి లేస్తున్నాయి, పడుతున్నాయి, దొంతర పెరుగుతోంది. పొడుగు "అక్కా, అక్కా" అని నెమ్మదిగా హెచ్చరిస్తున్నా వినిపించలేదు. గంట అయిపోయిందని ఆయన చెయ్యెత్తేసరికి, మొదట్లో చేసిన నిదానమంతా పూడిపోయి దొంతర మెరుపు మామూలు లెక్కకు చేరిపోయి ఉంది. రొప్పుతూ, గర్వంగా తలెత్తి చూసింది. ఎదురుగా గలీబుల బల్లవాళ్ల మొహాలు కనిపించాయి. అప్పుడు తెలిసొచ్చింది. ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది.

"నీ పౌరుషం చల్లగుండ" అంది గలీబుల బల్ల దగ్గర పనిచేసే ఒకావిడ. వదిన వంగి, దొంతరలోంచి జారిన ఒక కొసను అరచేత్తో లోపలికి సర్దింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బతికిపోయేది మెరుపు.

జోడీలు చూసుకోవడానికి ఒక్కరోజు గడువిచ్చారు. వదిన గోడవారగా కూర్చుంది. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆమెను అడగలేదు. అంత లెక్క పెట్టాక ఆ వేళ్లతో జోడీ కట్టేవాళ్లెవరు? మెరుపు రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. తెల్లారగానే తిన్నగా ఓనరు గదికి వెళ్లింది.

"మేస్త్రీ పని నాకొద్దండీ. మడత పనే చేస్తా. మా వదిన నా జోడీ."

ఓనరు కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఆలోచించుకునే అంటున్నావా? లెక్క అందకపోతే ఇద్దరూ వెళ్లిపోవాలి. నీ కోసం వేరే రూలు పెట్టలేను."

"పెట్టొద్దు. వారం చూడండి."

బయటికొచ్చి వదిన ముందు నిలబడి, "లే వదినా" అంది.

"పిచ్చి పట్టిందా నీకు? నా చేతులు చూశావా?"

"చూశా. నువ్వు నడవొద్దు. బల్లకు ఆనుకుని నిలబడు. బొటనవేలికీ అరచేతికీ మధ్య కొసలు ఇరికించుకో చాలు. నడిచేది నేను."

అలా మొదలైంది. మామూలుగా ఇద్దరూ సగం సగం నడిచే చోట మెరుపే మొత్తం నడిచేది. తోపుడుబండి లోంచి దుప్పటి లాగేది తనే, వదిన చేతుల్లో కొసలు ఇరికించేది తనే, వెనక్కి పరిగెత్తి విదిలించేది తనే, మళ్లీ వదిన దగ్గరికి వచ్చి కొసలు అందుకుని, వంగి, మడిచి దొంతరలో పెట్టేది తనే. మొదటి రెండు రోజులు ఘోరం. కొసలు జారాయి, దుప్పట్లు నేల పాలయ్యాయి, మెరుపు తిట్టింది, వదిన "నన్ను వదిలెయ్యవే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడో రోజు మెరుపు దుప్పటి కొసల్ని ఒక్క మెలి తిప్పి అందించడం మొదలుపెట్టింది. మెలి వేస్తే వదిన అరచేతిలో పట్టు దొరికింది. సాయంత్రానికి పాదాలు దిబ్బల్లా వాచేవి. ఇంట్లో మొగుడు వేడినీళ్ల బకెట్టు పెట్టి, వేళాకోళం మానేసి ఊరుకునేవాడు.

వాళ్లను చూసి పొడుగు ఇంకో గలీబుల బల్ల ఆవిడను తన కొసకు తెచ్చుకుంది. మరో ముగ్గురు వడిగల వాళ్లు కూడా అలాగే చేశారు. అందరూ చెయ్యలేదు. "నా నడుము నాది కాదా?" అన్నవాళ్లున్నారు, వాళ్లనీ తప్పుపట్టలేం. గలీబుల బల్లలో ఇద్దరికి ఎవరూ దొరకలేదు. వాళ్లు తమ చెప్పులూ టిఫిను డబ్బాలూ సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. వాళ్లకు ఆ చట్టం జీతం దక్కింది నాలుగు నెలలే. మెరుపు పెట్టిన లెక్కే వాళ్లను పంపేసింది, అది ఆమెకూ తెలుసు. గేటు దాకా వాళ్ల సంచులు మోసుకెళ్లి ఇచ్చి తిరిగొచ్చింది.

వారం చివరి రోజు. ఓనరు బావమరిది దొంతర లెక్కపెట్టి, పెదవి విరిచి, "అందింది. బొటాబొటిగా" అని వెళ్లిపోయాడు. మెరుపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత వదిన మొహం చూసి నవ్వింది, ఇన్నేళ్లలో మొదటిసారి.

వదిన నవ్వలేదు. తోపుడుబండి అడుగున మిగిలిన ఆఖరి దుప్పటి వంక చూస్తూ, కోపం లేకుండానే అడిగింది.

"నన్ను గలీబుల బల్లకు పంపినప్పుడు కూడా ఇలా నడవొచ్చుగా?"

మెరుపు నోట్లోకి చాలా వచ్చాయి. పిల్లల ఫీజులు, దుప్పటికి ఇంత అనే లెక్క, మొగుడి షాపు. అన్నీ నిజాలే.

"నడవొచ్చు వదినా," అంది. "నడవలేదు."

వదిన ముడుచుకోని ఆ చేతులు రెండూ ముందుకు చాపింది. మెరుపు దుప్పటి తీసి కొసలు మెలిపెట్టి వాటిలో ఉంచింది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, అలాగే వెనక్కి నడిచింది.