హాలు పదడుగులకు తగ్గకూడదు

పోర్ట్ బ్లెయిర్‌లో నేను పనిచేసే ఆఫీసు ఒక కాంట్రాక్టరుగారిది. వాళ్లదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం కావడంతో ఆయన్ని బాబాయ్ అంటాను. మా ఊరు తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్లి, కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. మా దగ్గరికి వచ్చే ఇళ్లలో చాలావాటిది ఒకే పోలిక. ముందు వసారా, వెనక హాలు, గది, వంటిల్లు, పైన వాన జారిపోయేలా వాలుగా రేకులు. కొలతలే వేరు. అదే బొమ్మ మళ్లీ మళ్లీ గీసి విసుగొచ్చి, కొలతలు చెబితే తనంతట తనే గీసే చిన్న ప్రోగ్రాం రాద్దామనుకున్నాను.

గీతలు గీయించడం వీడియోలు చూసి తొందరగానే నేర్చుకున్నాను. నన్ను ఏడిపించింది డైలాగ్ బాక్సు. తెర మీద తెరుచుకునే చిన్న పెట్టె అది. అందులో వెడల్పు, పొడవు, వసారా, కప్పు వాలు అని గళ్లు ఉంటాయి. వాటిలో అంకెలు వేసి ఓకే నొక్కితే ఇల్లు కనబడాలి. మొదటిసారి కనబడగానే సంబరపడిపోయి బాబాయ్‌ని పిలిచాను.

ఆయన ఒంటి వేలితో వెడల్పు గడిలో 22.6 అని కొట్టారు. గోడ ఒక అంగుళం పక్కకు పోయింది.

"ఇరవై రెండడుగుల ఆరంగుళాలు. సైట్లో అందరం ఇలాగే రాస్తాం గదా!" అన్నారు.

కంప్యూటర్‌కి అది ఇరవై రెండడుగుల మీద ఏడంగుళాల పైచిలుకు. అందుకని అడుగులకొక గడి, అంగుళాలకొక గడి విడదీశాను. ఆయన అంగుళాల గడిలో పద్నాలుగు వేశారు.

"తీసుకుంటాదో లేదో సూద్దామని," అంటూ నవ్వారు.

పదకొండు దాటితే ఒప్పుకోవద్దని రాశాను. మర్నాడు గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే సున్నా అనుకోమని రాశాను. ఆయన చెడగొట్టడం, నేను బాగుచేయడం ఆ వారమంతా మా ఇద్దరికీ ఆటలా గడిచింది.

ఆ ఊపులోనే హాలుకి కూడా ఒక హద్దు పెట్టాను. వసారా పెంచేకొద్దీ హాలు తగ్గుతుంది. పదడుగులకన్నా తగ్గిందంటే ఓకే పనిచేయదు, "హాలు మరీ చిన్నదైపోతోంది" అని ఒక మాట వస్తుంది. ఆ పెట్టెలో తెలుగు లిపి సరిగా రాక దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను.

అంతలో ఫెరార్గంజ్ నుంచి భార్యాభర్తలిద్దరు ఇంటి ప్లాను కోసం వచ్చారు. కూరగాయలు పండించి ఇక్కడి బజారుకు పంపేవాళ్లు. ఆయనకు పెద్ద హాలు కావాలి, అందులోకి సోఫా కూడా చూసి పెట్టుకున్నారు. ఆమెకు వెడల్పాటి వసారా కావాలి. స్థలం పొడవు మాత్రం పెరిగేది కాదు. నేను పెట్టె తెరిచి వసారా గడిలో ఆమె చెప్పిన అంకె వేశాను. వెంటనే నా మాట తెర మీదికొచ్చింది. చదివి వినిపించాను.

ఆయన చప్పట్లు కొట్టారు. "సూసేవా! కంప్యూటర్ కూడా నా మాటే సెప్తంది."

ఆమె నా వైపు తిరిగింది. "ఆ మాట రాసింది కంప్యూటరేనా?"

"కాదు దీదీ, నేనే."

"పదే ఎందుకమ్మా?"

"అంతకన్నా తగ్గితే ఇరుగ్గా ఉంటుందని..."

"హాల్లో మేమెప్పుడు కూర్చుంటాం? పడుకోడానికే గదా! వానల్లో పొద్దస్తమానం కూరలు ఏరుకునేది వసారాలోనే. నీ ఇంటికి పది పెట్టుకో చెల్లీ, మా ఇంటికి ఎనిమిది చాలు."

బాబాయ్ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వాళ్ల ముందే ప్రోగ్రాం తెరిచి, హాలు తగ్గితే అడ్డుపడకుండా "సరేనా?" అని అడిగేలా మార్చాను. ఆమె మౌసు అందుకుని తనే ఓకే నొక్కింది. వసారా సాగింది, హాలు జరిగి చోటిచ్చింది.

"మరి నా సోఫా?" అన్నారాయన.

"వసారాలో వేద్దాం. ఠీక్ హై?"

ఆయన తెర మీది వసారాని వేలితో కొలిచారు. "గాలి బాగా తగుల్తది. ఠీక్ హై."

ఆ తర్వాత మిగతా గళ్లనూ ఒక్కొక్కటే చూసుకున్నాను. చాలావాటిని అడిగి ఊరుకునేలా మార్చాను. కప్పు వాలుని మాత్రం కదపలేదు. అక్కడ వాలు తగ్గిస్తే ఎవరు బతిమాలినా ఓకే పనిచేయదు. మా వానల సంగతి నాకు తెలుసు.

వాళ్ల ఇల్లు పూర్తయ్యాక పిలిస్తే వెళ్లాను. నేను బస్సు దిగేసరికే కుండపోత. వసారా నిండా బెండకాయలు, ఇక్కడ బరబాటీలనే బొబ్బరకాయలు, తోటకూర కట్టలు. ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నారు. ఆమె నాకు టీ ఇచ్చి, బరబాటీల గంప నా ముందుకు జరిపింది. రేకుల మీద వాన హోరుకి ఒకరి మాట ఒకరికి వినబడక, అందరం అరుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ ఆ గంపంతా ఏరేశాం.