ఒక్క మాట అడిగితే అయిపోయే సీరియల్

మొన్న సోమవారం సాయంత్రం ఏడున్నరకు టీవీ పెట్టేసరికి, ఆరేండ్లుగా చూస్తున్న సీరియల్‌లో పెద్దకోడలి మొహం మారిపోయింది. ఇకనుంచి ఈ పాత్రలో ఫలానా నటి అని తెర కింద ఒక వరుస అక్షరాలు వేశారు, అంతే. అదే బొట్టు, అదే జడ, నడుముకు అదే తాళంచెవుల గుత్తి, మనిషి మాత్రం వేరు. ఆ ఇంటి అత్త ఆమెను పేరు పెట్టి పిలిచింది, ఆమె పలికింది, కథ వంటింట్లోకి నడిచింది. నాకు చిర్రెత్తుకొచ్చి, ఏదో అనబోయి పక్కకు తిరిగాను. పక్కన అక్క లేదు. ఆమె పోయి రెండేండ్లయినా నా మెడ ఇంకా ఆ వైపుకే తిరుగుతుంది.

అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. పోచంపల్లిలో మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో అన్నదమ్ములిద్దరి మగ్గాలు, వెనుక గదిలో మా ఇద్దరి ఆసులు ఉండేవి. ఆసు చూడనివాళ్లకు చెప్పాలంటే, ఒక కొసకు ఒంటి మేకు, ఎదురుగా వంపు తిరిగిన వరుసలో బోలెడు మేకులు ఉన్న చట్రం అది. రంగులు అద్దడానికి ముందు పేక నూలును ఈ కొస నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి మళ్లీ ఈ కొసకు చేత్తో పోస్తూ ఉండాలి. ఒక్క చీరకు కుడి చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడుతుంది. ఒక మేకుకు చుట్టు ఎక్కువ పడితే నేతలో పువ్వు పక్కకు జరుగుతుంది. అందుకే ఆసు పోసే మనిషిని పలకరించకూడదని మా అత్తగారు కోడళ్లకు మొదటిరోజే చెప్పేది. అలాంటి గదిలో, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా బావగారు పెద్ద టీవీ తెచ్చి గోడకు పెట్టించారు.

అంతకుముందు పాత టీవీ ఉన్నా కరెంటు నిలిచేది కాదు. సరిగ్గా సీరియల్‌లో గొడవ ముదిరిన చోట పోయేది, పోయిన ముక్కను అక్క సొంతంగా కల్పించి చెప్పేది, అది అసలు కథకన్నా నయంగా ఉండేది. కరెంటు నిలకడగా రావడం మొదలయ్యాక కథ మొత్తం చూడక తప్పలేదు. నేను ఇంటర్ దాకా చదివి, ఊళ్లో గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకుని చదివినదాన్ని కాబట్టి సీరియల్ చూడటం కొంత తలవంపుగా తోచి, మొదట్లో చూడనట్టే ఉండేదాన్ని. నెల తిరగకుండానే అక్కకన్నా ముందు నేనే రిమోట్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఇక నా విసుగు సంగతి. ఆ ఇంట్లో ఎవరికీ పని ఉండదు. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని మెట్లు దిగుతారు, తలుపు చాటున నిలబడి ఎదుటివాళ్ల మాట సగం వింటారు, మిగతా సగం వినకుండా నాలుగు నెలలు పగబడతారు. తోడికోడళ్లంటే ఒకరి పాలలో ఒకరు మందు కలపడమే అన్నట్టు చూపిస్తారు. ఇరవై ఎనిమిదేండ్లు ఒకే పొయ్యి మీద వండుకున్న మాకు అది చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి ఆ పెద్దకోడలు మా ఊరి నేతచీర కట్టుకుని వచ్చింది. అక్క లేచి తెర దగ్గరకు పోయి, కుచ్చిళ్లు పరీక్షగా చూసి, "గీ చీరకు ఆసు పోసినామె కూడ సీరియలే చూసిందే, రెండో పువ్వు జరిగింది సూడు" అంది. ముందు గదిలో మగ్గం మీది మా బావగారికి కూడా నవ్వు ఆగలేదు.

మా ఇద్దరికీ అసలు పేచీ పెద్దకోడలి గురువారం ప్రయాణాల దగ్గర వచ్చింది. ఆమె వారం వారం ఎవరికీ చెప్పకుండా బయటికి పోతుంది. ఇంటినుంచి వెలేసిన తన చెల్లెలిని చూసి రావడానికి పోతుందని మనకు తెలుసు, చిన్నకోడలికి తెలియదు. చిన్నకోడలు కిటికీలోంచి చూస్తుంది, అనుమానిస్తుంది, కుట్ర పన్నుతుంది. ఎక్కడికి పోతున్నావక్కా అని మాత్రం అడగదు. ఆ ఒక్క మాట అడిగితే ఆ పూటకు సీరియల్ అయిపోతుంది. నేను రోజూ తెర మీదికి అరిచేదాన్ని, "అడగరాదే, నోరు పడిపోయిందా!" అని.

అక్క ఒప్పుకునేది కాదు. "మనిషి దాసుకున్నదంటె ఏదో ఉంటది. దాసుకోని. గుచ్చి గుచ్చి అడుగుడు మర్యాదనా?" అనేది. చూసినవాళ్లు అడగాలని నేను, చెప్పాలనుకున్నవాళ్లే చెప్పాలని ఆమె. ఒక రోజు మాట మీద మాట పెరిగి, "గన్ని పుస్తకాలు చదివినవ్, మంది కడుపుల సంగతి మందికి ఇడిసిపెట్టాలని ఏడ రాయలేదా?" అని నన్ను దులిపేసింది. నాకు ఉక్రోషం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సీరియల్‌లో చిన్నకోడలు మెట్ల మీద నూనె పోసింది, దాన్ని తిట్టడానికి మళ్లీ కలిసిపోయాం.

ఆ తర్వాతి ఎండాకాలంలో అక్క ప్రకటనలు వచ్చినప్పుడల్లా భుజం పిసుక్కునేది. ఆసు పోసే ఆడదానికి భుజం నొప్పి లేకపోతేనే వింత. మా అత్తగారికి ఉండేది, నాకు ఉంది, వీధిలో అందరికీ ఉంది. నేను నొప్పుల మందు సీసాను ఆమె వైపు తోసేదాన్ని, తెర మీంచి కళ్లు తీయకుండానే. రెండు శనివారాలు "గుట్టకు పోయొస్త" అని ఒక్కతే పోయింది. రెండుసార్లూ ప్రసాదం లేకుండా వచ్చింది. యాదగిరిగుట్టకు పోయి లడ్డూ, పులిహోర తేకుండా వచ్చే మనిషి మా వీధిలోనే లేదు. నాకు ఆ ఆలోచన రాలేదనను, వచ్చింది. ఏడున్నర అయింది, టీవీ పెట్టాను.

ఒక పొద్దున బట్టలు ఉతికే బండ దగ్గర పడిపోయింది. భువనగిరి దవాఖానకు చేరేసరికే ఆలస్యమైంది. ఇంతకుముందు నొప్పి ఏమైనా ఉండేదా అని డాక్టరు అడిగితే, భుజం నొప్పి సార్, ఆసు పనికి మామూలే అన్నాను. ఏ చేత్తో చేస్తారమ్మా ఆ పని అన్నాడు. కుడి చేత్తో అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు కనబడలేదు, ఆమె కుడి చేత్తో పిసుక్కున్నది ఎడమ భుజాన్ని.

పదకొండో రోజు తర్వాత ఆమె పెట్టె సర్దుతుంటే చీరల కింద మడిచిన కాగితాలు దొరికాయి. గుండె పరీక్ష చేసిన గళ్ల కాగితం, హైదరాబాద్ పెద్ద దవాఖానకు వెంటనే పోవాలని రాసిన చీటీ. తారీఖులు రెండూ శనివారాలే. ఎందుకు దాచిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె మీద నాకు కోపం పోలేదు. సీరియల్‌లో ఇలాంటిది చూపిస్తే, పక్కన కూర్చున్నదానికి కండ్లు లేవా అని నేనే గదిలో అందరికన్నా గట్టిగా అరిచి ఉండేదాన్ని.

ఇప్పుడు వెనుక గదిలో ఆసు యంత్రం ఉంది. మేకులను అదే లెక్కపెట్టుకుంటుంది, పువ్వు జరగదు, ఎవరి భుజమూ నొయ్యదు. అక్క కోడలు దాని పక్కన కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోనులో తన సీరియల్ తాను చూసుకుంటుంది. ఆ పిల్ల మెడ తిప్పినా, చేయి విదిలించినా నేను పోయి ఏ వైపు నొప్పి అని అడుగుతాను. "చిన్నత్తమ్మా, నాకేం గాలే. పొద్దుందాక పోలీసోని లెక్క అడుగుతవేంది!" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ మర్యాద నాకు అక్కర్లేదు.

మనం ఒకే గదిలో నలుగురం కూర్చుని, ఒకే కథను తిట్టుకుంటూ చూసిన రోజులు పోయాయి. అందుకు నేను పెద్దగా బాధపడటం లేదు. అలా పక్కపక్కన కూర్చున్నప్పుడు కూడా చూసింది తెరనేగా. సోమవారం నుంచి మాత్రం రోజూ ఏడున్నరకు సీరియల్ పెట్టి చివరిదాకా చూస్తున్నాను. అత్త, మామ, మొగుడు, పిల్లలు, ఆ చిన్నకోడలు, అందరూ ఆ కొత్త మొహంతో మాట్లాడుతున్నారు, అన్నం పెట్టించుకుంటున్నారు. ఆ ఇంట్లో ఒక్కరన్నా, నువ్వెవరమ్మా, మా ఆమె ఏదీ అని అడుగుతారేమోనని చూస్తున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.