పాడెకు నలుగురు

మా ఊరు అడవి అంచున ఉంటుంది. ముప్పై ఇళ్లు, సగానికి పైగా తాళాలు. ఆ తాళాల తాలూకు మనుషులమంతా హైదరాబాదులోనే ఉన్నాం. కొందరు తెల్లాపూర్‌లో సెక్యూరిటీ గార్డులు, కొందరు క్యాబ్ డ్రైవర్లు, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ఒక్క బ్లాకులో ఉన్న జనం మా ఊరి చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కలిపినా ఉండరు. లిఫ్టులో ఎవరూ ఎవరి మొహం చూడరు, అది వేరే సంగతి.

ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పోయినా శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. పాడె దగ్గరికి ఇంటికొక మగమనిషి రావాలి. మా నాన్న పోయిననాడు జోరువాన. వాగు దాటేదాకా పాడె ముందు కొస దించకుండా మోసింది పక్కింటి కాక.

ఆ కాక పోయిన సంగతి ఒక పనిరోజు పొద్దున ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన భార్య, మా చిన్నమ్మే వాయిస్ మెసేజ్ పెట్టింది.

"మీ కాక పోయిండు. మూడింటికి లేపాలె. ఊర్లె మొగోళ్లు ముగ్గురే ఉన్నరు, అండ్ల ఒకాయనకు మోకాళ్లు లేస్తలెవ్వు. జర నలుగురన్న రాండ్రి బిడ్డా."

"వస్తున్నా" అని టైప్ చేశాను. అబద్ధం కాదు, అప్పుడు నిజంగానే అనుకున్నాను. ఇంకో ఐదుగురు అదే మాట పెట్టారు. అమ్మయ్య అనుకున్నాను. ఆ రోజు ఆఫీసులో రిలీజ్ ఉంది, సెలవు అడగడానికి నోరు రాలేదు. ఐదుగురు పోతున్నారు కదా, నేనొక్కణ్ని పోకపోతే ఏమవుతుంది? ఆ ఐదుగురూ అచ్చం అలాగే అనుకున్నారు. నా మాట చూసి కూడా ధైర్యపడి ఉంటారు. సిగ్గులేని జన్మ నాది, వాళ్ల సంగతి తర్వాత.

ఐదింటిదాకా ఎదురుచూశారట. ట్రాక్టర్ మీద వేద్దామని ఎవరో అంటే చిన్నమ్మ ఒప్పుకోలేదట, ఆయన ఎవరినీ అలా పంపలేదని. చివరికి ఇద్దరు మగవాళ్లకు తోడు పొరుగింటి వదిన, చిన్నమ్మ పాడె ఎత్తుకున్నారు. ముందు కొస చిన్నమ్మదే.

పదకొండో రోజు భోజనాలకు మాత్రం అందరం వెళ్లాం. కార్లు, బండ్లు, పెళ్లాం పిల్లలు. ఊరు కిటకిటలాడింది. యాట మాంసం కూర బాగుందని నేను రెండోసారి వేయించుకున్నాను కూడా.

గుమ్మం పక్కన కూర్చున్న చిన్నమ్మ నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా వంతు వచ్చేవరకు ఈ ఆడోళ్లు గూడ మిగలరు బిడ్డా. ట్రాక్టరాయనకు జర చెప్పిపో, నన్ను అండ్ల ఏస్కపొమ్మని."

"గట్లెందుకంటవ్ చిన్నమ్మా, మేం లేమా?"

"ట్రాక్టరైతే వస్తది" అంది.

ఊరు దాటేముందు ట్రాక్టరాయన ఇంటి ముందు కారు ఆపి, ఆ మాట చెప్పే వచ్చాను.