మామయ్యగారి తోట, మా పాప టీకా

ఈ రోజు పొద్దున నర్సమ్మ ఐస్ డబ్బా భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. మా పాపకి టీకా వేయించి తీరాలట, గవర్నమెంటు ఆర్డరట. ఆ మాట వినగానే మా మామయ్యగారికి ఒళ్లు మండింది.

"మా ఇంటి పిల్ల, మా ఇష్టం. ఆర్డరేంటి?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, సూది చూశాక నాకూ ఆ మాటే బాగుందనిపించింది.

వంటింట్లోంచి అత్తయ్యగారు వచ్చారు. "మామిడి పూతకి పక్క తోటాయన పురుగుమందు కొట్టలేదని మొన్న గట్టెక్కి అరిచింది ఎవరండీ? ఆయన తోట ఆయన ఇష్టం కాదా?"

"ఆ పురుగు గట్టు దాటి మన చెట్ల మీదకి రాదా ఏంటి?" అనేసి, మామయ్యగారు నాలిక్కరుచుకున్నారు.

ఆ తర్వాత పాపని ఆయనే ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. సూది దిగేటప్పుడు పాప కన్నా ముందు ఆయనే కళ్లు గట్టిగా మూసుకున్నారు. పాప ఏడుపు ఇంకా ఆగనే లేదు, పక్కింటి వైపు చెయ్యి చూపించారు.

"వాళ్ల బుడ్డోడికి కూడా వేసెయ్యమ్మా. మా పిల్ల రోజూ ఆడుకునేది వాడితోనే. వద్దంటే నాకు చెప్పు, నేనొస్తా."

సాయంత్రానికల్లా మా వీధిలో గవర్నమెంటు ఆర్డరు కన్నా మామయ్యగారి ఆర్డరుకే భయం ఎక్కువైంది. మీ వీధికి ఎవరున్నారండీ?