అమ్మ ఫోన్ సాఫు చేసిన ముచ్చట

మొన్న నేను ఒక బాల్యాన్ని కాపాడిన. కాపాడిన కాడికెళ్లి ఇంట్ల ఎవ్వరి మొఖం సూటిగ చూడలేకపోతున్న. ఎట్లనో చెప్త, నవ్వుకోండ్రి. నాకైతే ఇంకా నవ్వొస్తలేదు.

నల్లగొండ కాలేజీల డిబేట్ అయింది. టాపిక్ ‘పిల్లలు, ఫోన్లు’. ఇగ నేను ఊకుంటనా? “మనం పిల్లలకు అన్నం పెడ్తలేం, స్క్రీన్ చూపెట్టి నోట్ల కుక్కుతున్నం! ఫోన్‌కు ఒక హద్దు పెట్టాలె!” అన్న. హాలంత చప్పట్లు! గా చప్పట్లు చెవులల్ల మోగుతుండంగనే చిట్యాల బస్సెక్కిన.

ఇంట్ల అడుగువెట్టంగనే ఏం కనవడ్డది? మా అన్న బిడ్డ, నాలుగేండ్ల చిన్ని, గోడకు ఒరిగి కూసున్నది. చేతుల అమ్మ ఫోన్. అమ్మ పక్కన కూసొని పప్పన్నం ముద్దలు పెడ్తాంది. పిల్ల కండ్లు ఫోన్ మీదికెళ్లి కదుల్తలెవ్వు. నోరు మాత్రం తెరుస్తాంది, మూస్తాంది.

“అమ్మా! నువ్వు గూడనా?”

“ఏందే?”

“గిట్లనే పిల్లలు ఖరాబైతున్నరు!”

“తింటాంది గదనే. నువ్వు గింతప్పుడు ఒక్క ముద్దకు నన్ను వాడంత తిప్పినవ్.”

“టాపిక్ మార్చకు!”

“అది కాదే, జర విను...”

నేను వినలే. డిబేట్ల అవతలోళ్లకు మాట్లాడ సందు ఇస్తే మన పని ఖతం. అలవాటైపోయింది.

అమ్మ గిన్నెలు కడగవోంగనే ఫోన్ గుంజుకున్న. గ్యాలరీ నిండ వీడియోలు. పైన కనవడ్డయన్ని బొమ్మల పాటలు, మేకప్ చేస్కునే కోతి... కిందిదాక చూసే ఓపిక ఎవరికుంది? సెలెక్ట్ ఆల్. డిలీట్. ట్రాష్‌ల ఉంటయని యాదికొచ్చి అది గూడ ఖాళీ చేసిన. నేను ఏ పని సగం చెయ్య! ‘ఒక బాల్యాన్ని కాపాడిన’ అని నా ఫోన్ల స్టేటస్ గూడ పెట్టిన.

తెల్లారి బువ్వ యాళ్లకు చిన్ని ఫోన్ పట్టుకొని ఇటు జరిపింది, అటు జరిపింది. ఒక్కసారే ఏడుపు అందుకుంది.

“ముసలవ్వ లేదూ! ముసలవ్వ యాడవాయె?”

అమ్మ ఉరికొచ్చింది. ఫోన్ అందుకొని చూసింది. మళ్ల చూసింది. “అవ్వ పాట ఏదే?” అన్నది మెల్లగ.

అప్పుడు సమజైంది. చిన్నికి ముసలవ్వ అంటే మా అవ్వ, అమ్మను కన్నతల్లి. పోయిన చలికాలంల కాలం చేసింది. అంతకుముందటి బతుకమ్మకు వాకిట్ల కూసొని గునుగు పూలు కత్తిరిచ్చుకుంట తనకొచ్చిన పెద్ద పాట మొదటికెళ్లి చివరిదాక పాడితే, వదిన దాన్ని మా అమ్మ ఫోన్ల వీడియో తీసింది. చిన్ని రోజు చూసుకుంట తినేది గదే! స్క్రీన్ స్క్రీన్ అని అరిచిన గని, గా స్క్రీన్ల ఎవరున్నరో వంగి చూడలే.

“వదినకు పంపినవా అమ్మా? మామకు?”

“ఎవ్వరికి పంపలే. ఫోన్ల భద్రంగ ఉన్నది గదా అనుకున్న.”

అమ్మ తిట్టలే. తిడితే నా దగ్గర జవాబులుండేవి. ఇంకో వారంల ఎంగిలిపూల బతుకమ్మ. ఈసారి అవ్వ పాట నేనే ఎత్తుకుంట అని అమ్మ వాడకట్టు ఆడోళ్లకు మాటిచ్చిందట. పిల్లకు బువ్వ పెట్టుకుంట తను గూడ నేర్చుకుంటున్నదట!

సెల్ షాపుకు ఉరికిన. “ట్రాష్ గూడ ఖాళీ చేసినవా అక్కా?” అని షాపాయన పాపమన్నట్టు చూసి, ఇగ రాదన్నడు.

ఇంటికొస్తే లోపల పాట వినవడ్డది. చిన్ని పాడుతాంది! అవ్వ రాగమే. నడుమ దగ్గు గూడ అవ్వదే. “హుష్ కోడీ, పూలు ముట్టకు!” అని వీడియోల అవ్వ లెక్కనే కసిరి మళ్ల పాట అందుకుంది. అమ్మ కండ్లు తుడుచుకుంట, నవ్వుకుంట పిల్ల ఎన్కనే పాడుతాంది. నాకు పానం లేచొచ్చింది. ఇంతల పిల్ల టక్కున ఆపింది.

“ఆపినవేందే బంగారం? పాడు!”

“గంతే.”

“గంతేంది? ఇంకా మస్తుంటది గదా!”

“గీడికి బువ్వ అయిపోతది అత్తా. నానమ్మ ఫోన్ బంద్ చేస్తది.”

అంటే అమ్మ బువ్వ అయిందాకనే ఫోన్ ఇస్తాంది! నేను స్టేజీ ఎక్కి గొంతు చించుకొని అడిగిన పద్ధతి మా ఇంట్ల ముందే నడుస్తాంది. మిగిలిన పాట పండుగ దగ్గర పడ్డంక నేర్చుకుందామని అమ్మ అనుకున్నదట.

ఇప్పుడు గా మిగిలిన సగం కోసం అవ్వతోని బతుకమ్మ ఆడిన జోడోళ్ల ఇండ్లన్ని తిరుగుతున్న. నిన్న ఒకామె నన్ను అరుగు మీద కూసోవెట్టి నెత్తి నిమిరింది.

“మాకు ఆడొక ముక్క, ఈడొక ముక్క వస్తది బిడ్డా. మీ అమ్మ ఫోన్ల మొత్తం ఉన్నదట గదా? జర తెచ్చి ఇనిపియ్యరాదు? మీ అవ్వను చూసినట్టు గూడ ఉంటది.”

“ఛార్జింగ్ లేదవ్వా” అని చెప్పి, తలకాయ దించుకొని లేచొచ్చిన.