ఎమ్మారై గొట్టంలో నన్ను 'ఒరే' అన్నదెవరు?

మా వంశంలో ఆస్తులు పోగొట్టుకున్నవారున్నారు గాని, దయ్యాలను నమ్మినవారు లేరు. నేనూ నమ్మను. అయినా అనకాపల్లి స్కానింగ్ సెంటర్‌లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా కాలేయంలో ఏదో మచ్చ కనిపించింది. అదేమిటో తేలితేగాని ఆపరేషన్ సంగతి చెప్పలేనని డాక్టరు ఎమ్మారై రాశారు. పైకి నిటారుగానే నడిచాను. లోపల భయమే.

గొట్టంలోకి పంపేముందు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. అందులో రికార్డు చేసిన గొంతు: "ఊపిరి తీసుకో. బిగపట్టు. వదులు."

కోటవురట్ల చుట్టుపక్కల మా తాతగారి ఎదుట గొంతెత్తినవాడు లేడు. ఆయన మనవడు రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన మిషను ఏకవచనంలో మాట్లాడుతుందా? నేను బిగపట్టలేదు. పొట్ట కదిలి బొమ్మలన్నీ చెదిరిపోయాయి.

సంగతి విని మా బావమరిది సత్తిబాబు తల కొట్టుకున్నాడు. "మిషను కూడా మీకు దండం ఎట్టాలేటి బావా? అవతల అక్క ఏడుత్తంది!"

టెక్నీషియన్ మర్యాదస్తుడు. "కొత్త పద్ధతి వచ్చిందండి బాబూ, తొందరగా అయిపోద్ది. మాటిమాటికీ అక్కర్లేదు, ఒక్కసారి బిగపడితే సాలు. రికార్డు ఆపేసి నేనే మైకులో సెప్తానండి, గౌరవంగా."

సరేనన్నాను. మళ్లీ గొట్టం, మళ్లీ మిషను దడదడ. అప్పుడు వినిపించింది.

"ఒరే బూరిగా! ఊపిరి బిగపట్టరా. కదిలేవంటే చంపేత్తాను!"

చిన్నప్పుడు నాకు ఆముదం పోస్తూ మా నాయనమ్మ అచ్చం ఇలాగే అనేది. ఆమె పోయాక నన్ను బూరిగాడని పిలిచినవారు లేరు. ఆ పేరు మా ఆవిడకు కూడా చెప్పుకోలేదు.

కిక్కురుమనకుండా బిగపట్టాను. నోటినిండా ఆముదం రుచి.

టెక్నీషియన్ పరుగున వచ్చాడు. "మైకు సచ్చిపోయిందండి బాబూ, సెప్పలేకపోయేను! అయినా బొమ్మలు అద్దంలా వచ్చేయి. మీకెవరు సెప్పేరండి?"

"రిపోర్టు ఎప్పుడిస్తారు?" అన్నాను నేను.

మచ్చ ప్రమాదం లేనిదని తేలింది, కోత అక్కర్లేదన్నారు. మా ఆవిడ ఉప్మాక వెళ్లి వెంకన్నకు మొక్కు తీర్చుకుంది.

నా చిక్కు మాత్రం తీరలేదు. ఆ గొంతు నాయనమ్మదే అంటే దయ్యాలను నమ్మినట్టవుతుంది. కాదంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు 'ఒరే' అంటే నోరుమూసుకుని పడుకున్నానని ఒప్పుకోవాలి.

ఈ రెండూ నావల్ల కాదు.