నోట గడ్డిపరక

1880 వేసవిలో, రాజమహేంద్రవరం కోర్టులో దుబాసీగా ఉన్న నన్ను ఒక సైనిక విచారణకు పంపారు. సాక్షి తెలుగులో అన్నది ఇంగ్లీషులోనూ, దొరలు ఇంగ్లీషులో అడిగింది తెలుగులోనూ చెప్పడం దుబాసీ పని. సొంత మాట ఒక్కటి కలిపినా కొలువు ఊడుతుంది. నాలాంటి వాగుడుకాయకు ఆ పని ఎలా దొరికిందా అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

అప్పుడు మన్యంలో పితూరీ, అంటే కొండవాళ్ల తిరుగుబాటు, నడుస్తోంది. ఒక వాగు దగ్గర అన్నదమ్ములిద్దరు విల్లంబులు పారేసి, నోట గడ్డి కరిచి సిపాయిల ఎదుటికి వచ్చారు. ఓడిపోయాం, చంపవద్దని దాని అర్థం. అన్నను ఒక సిపాయి కాల్చేశాడు. తమ్ముడు పట్టుబడ్డాడు. లొంగిపోయినవాణ్ణి చంపడం దేశాలన్నీ ఒప్పుకున్న యుద్ధ నియమాలకు విరుద్ధం. అవి తిరుగుబాటుదార్లకు వర్తిస్తాయా అని దొరలు ఒక పూటంతా వాదించుకుని, వర్తిస్తాయనే తేల్చారు. మిగిలింది ఒకటే ప్రశ్న. ఆ గడ్డి అర్థం సిపాయికి తెలుసా? తెలిస్తే అతను దోషి, తమ్ముడికి ప్రాణం దక్కుతుంది. తెలియకపోతే లొంగుబాటు జరగనట్టే లెక్క, తమ్ముడికి ఉరి.

ఆ తమ్ముడు విచారణలోనూ గడ్డి కరిచే నిలబడ్డాడు. అన్నం తినేటప్పుడు గుప్పిట్లో పట్టుకుని, తినగానే మళ్లీ కరిచేవాడు. ఎందుకో అడగమన్నారు.

“తీస్తే నన్నూ కాలుస్తారు బాబూ” అన్నాడు పళ్ల సందునుంచి.

అతన్ని ఉంచిన కొట్టుది రాతి నేల. ఎండకు ఆవరణలో పచ్చటి పరక లేదు. అయినా ప్రతి ఉదయం అతని నోట తడి ఆరని కొత్త గడ్డి. ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు. నన్నెవరూ అడగలేదు కనుక నోరు మూసుకున్నాను.

రామచంద్రపురం వైపు నుంచి వచ్చిన ఆ సిపాయి ప్రమాణం చేసి, “ఆ గడ్డి సంగతి నాకు తెలీదండి” అన్నాడు. జ్వరాలతో పటాలం సగం మంచాన పడటంతో కొట్టుకు కాపలా కూడా అతనే. అధ్యక్షుడైన ముసలి మేజరు ఖైదీ నోటి వైపు చూసి, ఆ పచ్చగడ్డి ఎవరిస్తున్నారని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

“నేనేనండి” అన్నాడు సిపాయి. చేతులు చాపాడు, వేళ్లనిండా గడ్డి కోసిన గీతలు. “మొదటి రోజు గడ్డి ఎండిపోయి రాలిపోయిందండి. తొంగి చూస్తే కొట్టులో ఇద్దరున్నారండి, రెండోవాడు నేను కాల్చినోడేనండి. కొత్తది పెట్టాక ఒక్కడేనండి. అప్పట్నించీ పొద్దున్నే ఏటి రేవులోకి దిగి కోసుకొస్తున్నానండి.”

మాట పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కాల్చేటప్పుడు కూడా అర్థం తెలుసా అని మేజరు అడిగాడు.

“తెలుసండి. మా ఊళ్లో తెలియనోడెవడండి?”

సిపాయికి శిక్ష పడింది. తమ్ముడికి ఉరి తప్పింది. ఆ సంగతి చెప్పడానికి మర్నాడు కొట్టుకు వెళ్లాను. అతని నోట గడ్డి లేదు. నా మాట విని, ఖాళీ మూల వైపు తిరిగి మెల్లగా అదే మాట మళ్లీ చెప్పాడు.

నియమం ఎవరికి వర్తిస్తుందన్నది పుస్తకాలతో తేలే తగవు. తెలిసి చేశాడా అన్నది మనిషిని చూసి తేల్చవలసింది. ఆ తర్వాత ఏ సాక్షి తనకు తెలియదన్నా, నేను మాటను తర్జుమా చేస్తూ అతని చేతులు చూసేవాణ్ణి.